ఫైబర్ బండి భాగాల పని - మా సంఘం అనుభవం

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చెప్పిన మాటలు)

 

కిందటేడు ఇదే సభలో మేం లేచి "మోటార్ సైకిల్ సామాన్లు ఫైబర్‌తో చేస్తాం, అప్పు ఇప్పించండి" అంటే కొంతమంది నవ్వారు. గేదెలకి, కుట్టుమిషన్లకి, కిరాణా కొట్లకి అప్పు అడిగినవాళ్లే గానీ దీనికి అడిగినవాళ్లు లేరు మరి. ఇప్పుడు ఇంకో రెండు సంఘాలు ఇదే పని మొదలుపెడతామని మమ్మల్ని అడుగుతున్నాయి. అందుకని ఏం సంపాదించామో దాంతోపాటు ఎక్కడ పోగొట్టుకున్నామో, ఎక్కడ ఆగామో కూడా దాచకుండా చెప్తాం.

మాది సముద్రం ఒడ్డు ఊరు. మా ఇళ్లల్లో మగవాళ్లు వేటకి వెళ్లేవి ఫైబర్ పడవలే. పడవకి చిల్లు పడితే గాజు పీచు మ్యాట్ పరిచి, రెసిన్ పూసి మాటు వేయడం చూస్తూనే పెరిగాం. ఆ డబ్బాలు మోసింది, బ్రష్షులు కడిగింది మేమే. ఇక మా ఊళ్లో చేపల బాక్సులు కట్టుకుని తిరిగే బండ్లు చాలా ఉన్నాయి. బాక్సు ఒరుసుకుని సైడ్ ప్యానెళ్లు పగిలిపోతాయి. ఉప్పుగాలికి ఇనుప మడ్‌గార్డులు తుప్పు పట్టి చిల్లులు పడతాయి. ఫైబర్‌కి తుప్పు పట్టదు. అలా ఈ ఆలోచన వచ్చింది. సంఘంలో పది మందిమి, పని చేసేది నలుగురం. తీసుకున్న అప్పు 50,000 రూపాయలు.

పని ఎలా ఉంటుందో చెప్తాం. పగిలిన ప్యానెల్‌ని అతికించి, పుట్టీ పెట్టి, నీళ్ల పేపర్‌తో నున్నగా రుద్దుతాం. దానిమీద మైనం పాలిష్ ఐదారు సార్లు పట్టించి, పైన మ్యాట్, రెసిన్ వేస్తే అచ్చు తయారవుతుంది. అచ్చు మందంగా ఉండాలి, లేకపోతే వంకర తిరుగుతుంది. ఆ అచ్చుకి మళ్లీ మైనం పట్టించి, ముందు జెల్‌కోట్ పూస్తాం. మనకి బయటికి కనిపించే నునుపు అదే. అది కాస్త ఆరాక 450 గ్రాముల మ్యాట్ రెండు వరసలు వేసి, రెసిన్‌తో తడిపి, బుడగ లేకుండా బ్రష్షుతో పొడుస్తాం. అప్పటికి సుమారు రెండు మిల్లీమీటర్ల మందం వస్తుంది. బోల్టు పడే చోట ఇంకో రెండు ముక్కలు అదనంగా వేయాలి. మొదట్లో అది తెలియక ఇచ్చిన ప్యానెళ్లు బోల్టు దగ్గరే విరిగి వెనక్కి వచ్చాయి.

మనం కూరలో ఉప్పు చేతి అంచనాతో వేస్తాం, సరిపోతుంది. ఈ పనిలో ఆ అంచనా పనికిరాదు. రెసిన్ గట్టిపడటానికి కేటలిస్టు కలపాలి. కిలో రెసిన్‌కి 10 నుంచి 20 గ్రాములు. ఎండాకాలం తక్కువ, చలికాలం కొంచెం ఎక్కువ. మొదటి నెలలో "ఇంకాస్త వేస్తే తొందరగా అవుతుంది" అని మే నెల ఎండలో ఎక్కువ వేశాం. డబ్బాలో ఉండగానే రెసిన్ ఉడికి పొగ వచ్చింది. ఆ రోజు మూడు కిలోలు పోయింది. అప్పట్నుంచి తూకం మిషను, సూది తీసేసిన సిరంజీ లేకుండా డబ్బా మూత తియ్యం. ఒకసారికి అర కిలో మించి కలపం.

మొదట చేసిన పది ప్యానెళ్లలో నాలుగు పైన ముడతలు పడ్డాయి. జెల్‌కోట్ పల్చగా పూశాం, అది ఆరకుండానే మ్యాట్ వేశాం. వేలు పెడితే అంటుకున్నట్టు ఉండాలి గానీ వేలికి రాకూడదు. అప్పుడే రెసిన్ పట్టించాలి.

ఇప్పుడు చెప్పేది అందరూ శ్రద్ధగా వినండి. మాలో ఒక చెల్లెలి కంట్లో కేటలిస్టు చుక్క పడింది. ఆ రోజు కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. వెంటనే కుళాయి కింద తల పెట్టి 20 నిమిషాలు కడిగాం. ఏడుస్తున్నా వదల్లేదు. తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్లాం. చూపు నిలబడింది. ఆలస్యం చేసి ఉంటే చూపు పోయేదే. ఇప్పుడు కళ్లజోడు, చేతి తొడుగులు లేనివాళ్లకి ఆ రోజు పని లేదు, కూలీ లేదు. అది మా తీర్మానం పుస్తకంలో రాసి ఉంది.

ఇంకో మూడు సంగతులు. కోబాల్ట్ అనే మందు, కేటలిస్టు ఒకదానితో ఒకటి నేరుగా కలిస్తే మంట లేస్తుంది. అందుకే కోబాల్ట్ ముందే కలిపిన రెసిన్ కొంటున్నాం. రెండోది, మొదట్లో గదిలో చేస్తే తలనొప్పి, కళ్లు తిరగడం వచ్చాయి. గుడ్డ మాస్కు ఆ ఆవిరిని ఆపదు. ఆవిరికి వేరే మాస్కు ఉంది, అది కొన్నాం. మూడు వైపులా తెరిచిన పాకలోకి మారాం. కడుపుతో ఉన్నవాళ్లని ఆ పాక దగ్గరికి రానివ్వం. మూడోది, దగ్గర్లో పొయ్యి, బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

ఇక లెక్కలు. ఒక ప్యానెల్‌కి సరుకు 110 రూపాయలైతే 150కి అమ్మి, 40 లాభం అని సంబరపడ్డాం. మా బుక్‌కీపర్ అమ్మాయి అడిగింది, "అక్కా, మీ కూలీ ఏది?" అని. ఒక్కో ప్యానెల్‌కి మొత్తం రెండు గంటలు పడుతోంది. కూలీ 100, అచ్చు అరుగుదల 30, పాడైనవాటికి 15, రవాణాకి 10 కలిపితే 265 తేలింది. అంటే బండి బండికీ మా చేతి నుంచే ఇస్తున్నాం. ధర 320 చేశాం. ఐదు షాపుల్లో మూడు మానేశాయి, రెండు ఉన్నాయి. ఆ రెండింటితోనే ఇవాళ పని నడుస్తోంది. ఏప్రిల్ కిస్తు మాత్రం పొదుపులోంచి కట్టాం. మిగతావన్నీ పనిలోంచే కట్టాం. ఇంకా 22,000 బాకీ ఉంది.

ఆ ఏప్రిల్‌లోనే ఒక షాపతను వచ్చాడు. "అక్కా, పెట్రోల్ ట్యాంకులు చేసివ్వండి. ఇరవై కావాలి. సగం డబ్బు ఇప్పుడే ఇస్తా" అన్నాడు. కిస్తు తేదీ దగ్గర పడింది. ఆ రాత్రి సంఘంలో మాటా మాటా పెరిగింది. "పడవ నీళ్లని ఆపుతుంది, ట్యాంకు పెట్రోలుని ఆపదా?" అని మాలోనే ఒకరు గట్టిగా అడిగారు.

ఆ ప్రశ్నకి జవాబు మాకు తెలియదు. అందుకని ఒక ఫైబర్ ముక్కని పెట్రోలు పోసిన గాజు సీసాలో వేసి, మూత బిగించి, ఇంటికి దూరంగా పెట్టాం. నెల తర్వాత తీస్తే గోటితో గీస్తే గీత పడింది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. మేం వాడే మామూలు రెసిన్‌ని అది మెల్లగా మెత్తబరుస్తుంది. ట్యాంకు ఉండేది నడిపేవాడి మోకాళ్ల మధ్య, వేడి ఇంజన్ పైన. ఆ నడిపేవాడు మన అన్నో, తమ్ముడో, కొడుకో. అడ్వాన్సు తీసుకోలేదు. అతను రెండు నెలలు మా గడప తొక్కలేదు. తర్వాత మడ్‌గార్డుల కోసం తనే వచ్చాడు.

హెల్మెట్లు కూడా అడిగారు. 2021 జూన్ నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్లు తయారు చేయడానికి, అమ్మడానికి వీల్లేదు. గుర్తు సంగతి పక్కన పెట్టినా, తల కాపాడతామని చెప్పే ధైర్యం మాకు లేదు. కాళ్లు పెట్టుకునే రాడ్లు, హ్యాండిల్, బ్రేకుకి సంబంధించినవి కూడా చెయ్యం. విరిగితే బండి ఆగని భాగాలు మావి. విరిగితే మనిషి పడిపోయే భాగాలు మావి కావు.

కొత్తగా మొదలుపెట్టే అక్కలకి మా మాట ఇదే. ముందు ఒక్క అచ్చు, ఒక్క మోడల్‌తో మొదలుపెట్టండి. అప్పు డబ్బుతో రెసిన్ కొనే ముందు కళ్లజోళ్లు కొనండి. కూలీ రాయకుండా లాభం రాయకండి. ఒక్కరోజు మా పాకకి రండి, పక్కన నిలబెట్టి నేర్పిస్తాం. పాడైన ఆ నాలుగు ప్యానెళ్లు గోడకి తగిలించే ఉంచాం, అవి కూడా చూపిస్తాం.