ఇరవై ఎనిమిది కుర్చీల కచేరీ

(ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను నా హాబీ గురించి మాట్లాడమన్నారు. "లోన్ ఫైళ్లు చూసేవాళ్లకి హాబీ ఏంటండీ" అని మా ఆవిడే నవ్వింది. ఉంది. మా ఇంట్లో కచేరీలు పెడతాం. పెళ్లికో గృహప్రవేశానికో కాదు, ఉత్తినే. పాట రాసి, బాణీ కట్టి, తనే పాడుకునే ఒక మనిషిని పిలుస్తాం. తెలిసినవాళ్లు పాతిక ముప్పై మంది వచ్చి కూర్చుని వింటారు. అంతే.

ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో దీన్ని హౌస్ కాన్సర్ట్ అంటారు. టెక్సస్‌లో ఆస్టిన్ దగ్గర మా అక్క, బావ ఉంటారు. ఎల్‌టీసీలో అంత దూరం పంపరు కాబట్టి సొంత డబ్బుతోనే వెళ్లాం. వాళ్ల వీధిలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఏడాదికి ఐదారుసార్లు తన హాల్లో ఇలాంటి కచేరీ పెడుతుంది. సత్యనారాయణ వ్రతానికి మా అక్క దగ్గరున్న మడత కుర్చీలే ఆవిడ అరువు తీసుకెళ్తుంది. కుర్చీలతో పాటు మమ్మల్నీ తీసుకెళ్లింది.

అక్కడి పాటల గురించి రెండు మాటలు. ఫోక్ అన్నా కంట్రీ అన్నా మూలం పల్లె పాటే. స్కాట్లండ్, ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు తెచ్చుకున్న కథా గీతాలు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల బాంజో, బ్లూస్ అన్నీ కలిసి అయిన సంగీతం. సింగర్ సాంగ్‌రైటర్ అని వాళ్లు రెండు మాటల్లో చెప్పేదానికి మనకు ఒకే మాట ఉంది, వాగ్గేయకారుడు. త్యాగరాజస్వామి నుంచి గోరటి వెంకన్న గారి దాకా మనం వాడుతున్న మాటే.

ఈ పాటల్లో కథ ఉంటుంది. మొదటి చరణం వినకపోతే మూడోది అర్థం కాదు. బార్‌లో గ్లాసుల చప్పుడు మధ్య పాడితే కథ కాస్తా గాల్లో కలిసిపోతుంది. అందుకే అక్కడ వినడానికే కొన్ని చోట్లు ఏర్పడ్డాయి. నాష్‌విల్‌లో 1982లో మొదలైన బ్లూబర్డ్ కెఫేలో సీట్లు సుమారు 90. అక్కడ పాట నడుస్తుంటే మాట్లాడేవాళ్లను ష్ అని ఊరుకోబెడతారు. టెక్సస్‌లోనే కెర్‌విల్‌లో 1972 నుంచి జానపద సంగీతోత్సవం జరుగుతోంది. అక్కడ వేదిక మీది పాటలు ఒక ఎత్తు, రాత్రంతా చలిమంటల చుట్టూ ఒకరి తర్వాత ఒకరు పాడుకునే పాటలు ఇంకో ఎత్తు. హౌస్ కాన్సర్ట్ అంటే ఆ చలిమంటను హాల్లోకి తెచ్చుకోవడమే అని నాకనిపిస్తుంది.

మేనేజ్‌మెంట్ చదివినవాణ్ని కాబట్టి నా కన్ను లెక్కల మీదికి పోతుంది. ఆ ఇంట్లో 35 మంది. గుమ్మం పక్కన బల్ల మీద ఒక బుట్ట. మనిషికి 20 డాలర్లు వేస్తే బాగుంటుందని ముందే కబురు పెట్టారు. అది టికెట్ కాదు, ఎవరూ అడగరు. అందరూ వేస్తే 700 డాలర్లు. అందులో ఇంటావిడకు ఒక్క సెంటు ఉండదు, మొత్తం గాయనికే. పైగా రాత్రి భోజనం, పడుకోవడానికి గది, పొద్దున కాఫీ. హోటల్ ఖర్చు మిగిలినట్టే. ఇంకో విషయం, కచేరీ బుధవారం పెట్టారు. శుక్ర, శనివారాల్లో ఎక్కడో ఒకచోట ప్రోగ్రాం దొరుకుతుంది. వారం మధ్యలో ఊరికీ ఊరికీ మధ్య ఖాళీగా కారు నడుపుతూ పోతే పెట్రోలు దండగ. ఆ ఖాళీని ఈ ఇళ్లు నింపుతాయి.

ఆన్‌లైన్‌లో డబ్బు రాదా అని పిల్లలు అడుగుతారు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటను 12 నెలల్లో కనీసం 1000 సార్లు వింటేగాని దాని రికార్డింగు మీద రాయల్టీ మొదలే కాదు. పాట పెద్దదైనా రాసినవాడికి పేరు వస్తుందన్న నమ్మకం లేదు. టౌన్స్ వాన్ జాంట్ అనే టెక్సస్ కవి 1972లో పాంచో అండ్ లెఫ్టీ అని ఒక పాట చేశాడు. విల్లీ నెల్సన్, మెర్ల్ హాగర్డ్ కలిసి పాడాక 1983లో అది కంట్రీ పాటల్లో మొదటి స్థానానికి వెళ్లింది. అప్పటిదాకా రాసినాయన చిన్న చిన్న గదుల్లోనే పాడుకుంటూ తిరిగాడు.

ఇక ఆ బుధవారం సంగతి. పాడినావిడకు యాభై దాటి ఉంటాయి. మైకు లేదు. గోడకు వీపు పెట్టి, గిటారుతో మాకు ఎనిమిది అడుగుల దూరంలో నిలబడింది. నాలుగో పాట వాళ్ల నాన్న పొలం వేలం గురించి. ఆ కథ వెనక చరిత్ర ఉంది. 1970లలో భూమి ధర పెరుగుతోందని అక్కడి బ్యాంకులు రైతులకు విరివిగా అప్పులిచ్చాయి. 1980 చివరికి వడ్డీలు 20 శాతం దాటాయి, ఆ తర్వాత భూమి ధర పడిపోయింది. పొలాలు వేలానికి వచ్చాయి. ఆ రైతుల కోసమే విల్లీ నెల్సన్ తదితరులు 1985 సెప్టెంబరు 22న ఇల్లినాయ్‌లో ఫార్మ్ ఎయిడ్ అని పెద్ద కచేరీ చేశారు. ఆమె పాటలో ట్రాక్టరు అమ్ముడుపోతుంటే బ్యాంకాయన పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉంటాడు. దుర్మార్గుడేం కాదు, నాన్నతో బడిలో చదువుకున్నవాడే. అదే ఆ పాటలో కష్టమంతా.

హాల్లో ఆ ఉద్యోగం చేసేవాణ్ని నేనొక్కణ్నే. మా బావ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో నాకు తెలుస్తూనే ఉంది.

ఇంటర్వెల్‌లో అందరూ తెచ్చిన వంటకాల దగ్గర ఆమె పక్కనే నిలబడాల్సి వచ్చింది. ఏం చేస్తుంటారని అడిగింది. చెప్పాను. "ఇళ్లకు మీరే వెళ్తారా?" అంది. మా దగ్గర సాగు భూమిని సర్ఫేసీ చట్టం కింద తీసుకోవడానికి లేదని, ఇళ్ల విషయంలో మాత్రం వెళ్తామని, నోటీసు తలుపుకి అంటించి పేపర్లో వేయిస్తామని చెప్పాను. ఆమె కాసేపు ఆగి, "ఆ ఇంట్లోవాళ్లు మీకు మంచినీళ్లిస్తారా?" అని అడిగింది. నాకు ఇచ్చారు, రెండుసార్లు. అదే చెప్పాను. ఆమె జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో నేనడగలేదు.

స్టేడియంలో వింటే చప్పట్లు కొట్టి పార్కింగ్‌లో కారు వెతుక్కునేవాణ్ని. ఇక్కడ పాటా, పాటలోని మనిషీ ఒకే బల్ల దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. ఇల్లు చిన్నది కాబట్టి తప్పించుకునే వీల్లేదు.

హైదరాబాదు తిరిగొచ్చాక మా ఫ్లాట్‌లో మొదలుపెట్టాం. మొదట వచ్చినాయన పాలమూరు వైపు బడి పంతులు. ముంబై వలసల మీద సొంత పాటలు కట్టారు. డప్పు తెస్తానన్నారు. పన్నెండు బై పద్దెనిమిది హాల్లో డప్పు మోగితే నాలుగో అంతస్తు దాకా కిటికీలు అదురుతాయని, కంజీరతో సరిపెట్టాం. మైకు లేదు కనక అసోసియేషన్ వాళ్లకూ ఇబ్బంది లేదు. ఇరవై ఎనిమిది కుర్చీలు పట్టాయి, పిల్లలు చాప మీద.

మన ఇళ్లలో ఎదురయ్యేవి వేరు. బజ్జీలు వేస్తే సగం మంది వంటింట్లోనే ఉంటారు, అందుకని పులిహోర ముందే కలిపి పెడతాం. ఫ్రిజ్ మోత పాట మధ్యలో బాగా వినిపిస్తుంది. దాన్ని ఆపేసి, కారు తాళం చెవి అందులో పెట్టడం రికార్డింగ్ చేసేవాళ్ల చిట్కా. మళ్లీ ఫ్రిజ్ వేయకుండా ఇల్లు కదల్లేం. గాయకుణ్ని కిటికీకి ఎదురుగా కాక గోడవైపు నిలబెట్టాలి, లేకపోతే గొంతు వీధిలోకి పోతుంది. పాడేముందు ఎక్కువగా తినమని బలవంతం చేయకండి. అయిపోయాక అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టి కబుర్లూ చెప్పకండి, పొద్దున్నే ఆయనకు బస్సుంటుంది. ఎవరో ఒకరు సినిమా పాట పాడమంటారు. ఆ పని మా పెద్దమామగారు చేశారు. పంతులుగారు నవ్వి, తన పాటే ఇంకోటి ఎత్తుకున్నారు.

డబ్బు సంగతి జాగ్రత్త. చందాలు వసూలు చేయడానికి మన కండక్ట్ రెగ్యులేషన్లు ముందుగా అనుమతి అడుగుతాయి. నేను రాతపూర్వకంగా అడిగే మొదలుపెట్టాను. కవర్లు బుట్టలో పడతాయి, బుట్ట నేరుగా ఆయన చేతికి వెళ్తుంది. నేను లెక్కపెట్టను. జీవితంలో నేను లెక్కపెట్టని డబ్బు అదొక్కటే. మనిషికి మూడు వందలని ముందే ఫోన్లో చెప్తాం. చెప్పడానికి మొదట్లో మా ఆవిడ మొహమాటపడింది. శుభకార్యానికి సన్నాయి వాళ్లకిచ్చేటప్పుడు పడని మొహమాటం ఇక్కడెందుకన్నాను.

మీలో కొందరి పిల్లలు గిటారు పట్టుకుని సొంత పాటలు రాస్తున్నారని నాకు తెలుసు. దాంతో ఎలా బతుకుతావని అడగడం తల్లిదండ్రులుగా మన హక్కు. నేనైతే అడిగే ముందు ఆ పాట మొదటి చరణం నుంచి చివరి దాకా ఒకసారి కూర్చుని వింటాను. మా అమ్మాయి రాసినవి మూడున్నాయి. ఒకటి నాకు నచ్చలేదు, అదీ చెప్పాను.

తర్వాతి కచేరీ వచ్చే నెల రెండో శనివారం, మనకు సెలవే. సాయంత్రం ఆరున్నరకు మొదలు. వచ్చేవాళ్లు ముందు ఫోన్ చేయండి, కుర్చీలు ఇరవై ఎనిమిదే. చెప్పులు మెట్ల దగ్గర విడవండి, బుట్ట షూ ర్యాక్ మీద ఉంటుంది.