ఉక్కునగరపు యువకులకు అగ్నిమాపక వృత్తి

ఉక్కునగరంలో ప్రతి ఇంటి పొయ్యీ కర్మాగారపు కొలిమిని నమ్ముకొని వెలుగుతుంది. 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయి ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకొంది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. దేశం నలుమూలల నుండి శ్రామికులు తరలివచ్చారు. వారిలో రాయపూర్–విజయనగరం రైలు మార్గం మీదుగా వచ్చిన ఉత్తరాంధ్రులు ఎందరో ఉన్నారు. ఖుర్సీపార్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఛత్తీస్‌గఢీ, ఒడియా, బెంగాలీ, పంజాబీ కుటుంబాలతో ఇరుగుపొరుగై జీవిస్తున్నాయి.

అన్నం పెట్టిన అగ్నియే అప్పుడప్పుడు ప్రాణాలను కూడ బలిగొన్నది. 2014 జూన్ 12వ తేదీన కర్మాగారంలో విషవాయువు వెలువడి ఆరుగురు మరణించారు. 2018 అక్టోబరు 9వ తేదీన కోక్ ఓవెన్ల వద్ద గ్యాసు గొట్టపు మరమ్మతు జరుగుతుండగా సంభవించిన పేలుడులో పదిమందికి పైగా అసువులు బాశారు. ముందుజాగ్రత్తగా అక్కడ కాపలా నిలిచిన అగ్నిమాపక సిబ్బంది సైతం మృతులలో ఉన్నారు. అగ్నిమాపక ఉద్యోగాన్ని కోరే యువకుడు, అతనిని పంపే తల్లిదండ్రులు ఈ సత్యాన్ని మొదటనే గ్రహించాలి. ఈ వృత్తికి ధైర్యం ప్రవేశార్హత మాత్రమే. ప్రాణాన్ని కాపాడేది శిక్షణ.

మంట నిలవడానికి ఇంధనం, గాలి, వేడిమి అనే మూడూ కావాలి. వాటిలో ఒకదానిని తొలగించగలిగితే మంట ఆరుతుంది. అయితే దేనిని ఎట్లు తొలగించాలన్నదే విద్య. కట్టెకు, గుడ్డకు అంటుకొన్న మంటను నీరు చల్లార్చుతుంది. మండుతున్న నూనెపై నీరు పోస్తే మంట చెదరి వ్యాపిస్తుంది. దానిని నురుగుతో కప్పాలి. గ్యాసు మండుతున్నపుడు మొదట వాల్వును మూయాలి. మంటను మాత్రమే ఆర్పితే వెలువడే గ్యాసు పోగుపడి పేలుడుకు దారితీస్తుంది. కరిగిన ఇనుము క్రింద చిక్కిన నీరు ఆవిరిగా మారి సుమారు 1,700 రెట్లు వ్యాకోచించి లోహాన్ని ఎగజిమ్ముతుంది. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా బలంగా అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకొంటుంది. కనుకనే శ్వాసపరికరం ధరించకుండా, గాలిని పరీక్షించకుండా ప్రవేశించరాదన్న నియమం ఏర్పడింది. పడిపోయిన తోటివానిని రక్షించాలన్న తొందరలో ఈ నియమాన్ని మరచినవాడు రెండవ బాధితుడవుతాడు.

ఈ విద్య నేర్పే ద్వారాలు పలు ఉన్నాయి. 1969లో ఏర్పడిన కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి ప్రత్యేక అగ్నిమాపక విభాగం కలదు. ఆ విభాగపు కానిస్టేబులు పదవులకు 2024లో వెలువడిన ప్రకటన ప్రకారం సైన్సుతో ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైన, 18 నుండి 23 సంవత్సరాల వయస్సు గల పురుషులు అర్హులు. సాధారణంగా 170 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. 5 కిలోమీటర్ల దూరాన్ని 24 నిమిషాలలో పరుగెత్తాలి. ఉన్నత విద్యను కోరేవారికి జాతీయ అగ్నిమాపక కళాశాల ఉంది. 1956లో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో ప్రారంభమైన ఈ సంస్థ 1957లో నాగపూర్‌కు తరలింది. భిలాయి మీదుగా సాగే హౌరా–ముంబాయి రైలు మార్గంలోనే నాగపూర్ ఉన్నది. అగ్నిమాపక ఇంజనీరింగు డిగ్రీ అక్కడ లభిస్తుంది. 2002లో హర్షిణీ కన్హేకర్ ఆ కోర్సులో చేరిన మొట్టమొదటి మహిళ అయ్యారు. ఇవి గాక రాష్ట్రాల అగ్నిమాపక శాఖలు, పెద్ద కర్మాగారాలు వేర్వేరుగా నియామకాలు జరుపుతాయి. అర్హతలు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా ఉంటాయి కాబట్టి ప్రతి ప్రకటననూ శ్రద్ధగా చదవాలి.

శిక్షణలో గొట్టం పరచడం, నిచ్చెన ఎక్కడం, త్రాడు ముడులు వేయడం, స్పృహ తప్పినవారిని భుజంపై మోయడం, ప్రథమచికిత్స చేయడం అభ్యసింపజేస్తారు. ఇవన్నీ ఒంటరిగా సాధించే పనులు కావు. దట్టమైన పొగలో కన్ను పనిచేయదు. వెనుకనున్న సహచరుని చేయి, అతని కేక, ఇద్దరూ పట్టుకొన్న త్రాడు మాత్రమే దారి చూపుతాయి. ఆ సహచరుడు కేరళవాడో, బీహారువాడో, అస్సామువాడో కావచ్చు. ఆజ్ఞ ఒక్కసారి వినగానే అందరికీ ఒకే విధంగా అర్థం కావాలి. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ పెరిగిన ఖుర్సీపార్ బిడ్డకు ఈ అలవాటు చిన్ననాటనే అబ్బింది. సమైక్యత అనే మాటకు పొగ నిండిన గదిలో ఉన్నంత స్పష్టమైన అర్థం మరెక్కడా కానరాదు.

1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులో ప్రత్తిబేళ్ళు, ప్రేలుడు పదార్థాలు మోసుకొచ్చిన ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ బ్రద్దలైంది. మంట నార్పుటకు వెళ్ళిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది బలియైనారు. వారి స్మృతిలో ఏటా ఆ రోజును దేశమంతటా అగ్నిమాపక దినంగా పాటిస్తున్నారు. పూలమాల వేయడంతో ఆ రోజు కర్తవ్యం ముగియదు. ఎక్కడ ఏ పొరపాటు మనిషిని బలిగొన్నదో తెలిసికొని, మరునాటి విధిలో దానిని నివారించడమే వారికి తగిన నివాళి.

ఈ వృత్తిని కోరే యువకుడు నియామక ప్రకటన వెలువడేవరకు వేచి ఉండనక్కరలేదు. ప్రతి ఉదయం పరుగెత్తవచ్చు. రసాయనశాస్త్రాన్ని పరీక్ష కొరకే గాక ప్రాణం కొరకు చదువవచ్చు. ప్రథమచికిత్స నేర్చుకొనవచ్చు. వయస్సు రాగానే వాహనం నడపడానికి లైసెన్సు పొందవచ్చు. తన ఇంటి గ్యాసు సిలిండరు వాల్వును చీకటిలో సైతం తడిమి మూయగలగడం తొలి పాఠం. ఆ పాఠాన్ని తల్లికి, చెల్లెలికి, పొరుగింటివారికి నేర్పడం రెండవ పాఠం.