గొర్రెలలో స్క్రేపీ వ్యాధి - ఒక రిజిస్టరు నేర్పిన పాఠం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యాధికారి చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించీ మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకోవలసిన వేదిక మీద ఈ గొర్రెల జబ్బు గొడవేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. "మీ సర్వీసులో మిమ్మల్ని వదలకుండా వెంటాడిన సంగతి ఒకటి చెప్పండి" అని కార్యదర్శిగారు కోరారు. నన్ను వెంటాడింది నేను పెట్టిన ఒక సంతకం. దాని సంగతి తెలియాలంటే ముందు స్క్రేపీ గురించి తెలియాలి.

మన కాపరులకు చిటుకు రోగం బాగా తెలుసు. సాయంత్రం మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. స్క్రేపీ దానికి పూర్తిగా విరుద్ధం. ఇది సోకిన గొర్రె సాధారణంగా రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ వరకు నిక్షేపంగా తిరుగుతుంది. మేస్తుంది, ఈనుతుంది, సంతలో మంచి ధర పలుకుతుంది. ఆ తర్వాత ఒకనాడు దురద మొదలవుతుంది. కంచెకూ గోడకూ ఒళ్ళు రాసుకుని ఉన్ని ఊడగొట్టుకుంటుంది. ఇంగ్లీషులో ఆ పేరు వచ్చింది ఈ గీకుడు వల్లనే. నడక తడబడుతుంది, వణుకు పుడుతుంది, చిక్కి చచ్చిపోతుంది. జ్వరం రాదు. మందు లేదు. మా జిల్లాల్లో ఒళ్ళు గీరుకునే గొర్రెలను వేలల్లో చూశాను గాని, అవన్నీ గజ్జి, పేల కేసులే. అయితే మన దేశంలో హిమాలయ పాదాల గొర్రెలలో స్క్రేపీ కనబడిందని 1961లోనే శాస్త్ర పత్రికలో వచ్చింది.

బ్రిటన్‌లో ఈ జబ్బు 1732 నుంచీ తెలుసు. ఇది అంటుకుంటుందా, వంశపారంపర్యమా అని రెండు వందల ఏళ్ళు వాదులాడుకున్నారు. 1936లో ఫ్రాన్సులో కుయ్యే, షెల్ అనే ఇద్దరు పశువైద్యులు జబ్బు గొర్రె మెదడు, వెన్నుపాముల ద్రావణాన్ని మంచి గొర్రెల కంట్లోకి ఎక్కించి, ఏడాదికి పైగా ఓపిక పట్టారు. వాటికీ జబ్బు వచ్చింది. అంటుకుంటుందని తేలింది.

మరి అంటించేది ఏమిటి? బాక్టీరియా కాదు, వైరస్ కాదు. 1982లో అమెరికా శాస్త్రజ్ఞుడు స్టాన్లీ ప్రూసినర్ దానికి ప్రియాన్ అని పేరు పెట్టారు. అందుకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. మన ఒంట్లోనూ గొర్రె ఒంట్లోనూ సహజంగా ఉండే ఒక మాంసకృత్తు, మడత తప్పి వంకర తిరుగుతుంది. అది తన పక్కనున్న మంచిదాన్ని కూడా తనలాగే వంకర తిప్పుతుంది. గిన్నెడు పాలను చెంచాడు తోడు పెరుగు చేసినట్లన్నమాట. కాకపోతే తోడులో ప్రాణమున్న సూక్ష్మజీవులు ఉంటాయి, ఇందులో అవేవీ లేవు. ప్రాణం లేనిదాన్ని చంపడమెలా? మామూలుగా ఉడకబెట్టినా, ఫార్మలిన్‌లో నానబెట్టినా దానికి లెక్కలేదు.

ఇక పాకే దారి. ముఖ్యమైన దారి ఈనిన చోటే. జబ్బు సోకిన తల్లి మాయలో, ఉమ్మనీటిలో ఈ విషం ఉంటుంది. మాయను తోటి గొర్రెలు నాకుతాయి, కొరుకుతాయి. అదే నేల మీద పుట్టిన పిల్లలు మూతి పెడతాయి. తల్లి పాల ద్వారా కూడా వస్తుంది. కడుపులోకి వెళ్ళినది పేగుల దగ్గరి గ్రంథులలో తిష్ఠ వేసి, నరాల వెంట నెమ్మదిగా మెదడుకు ఎక్కుతుంది. అన్ని గొర్రెలకూ ఒకేలా సోకదు. కొన్నిటికి పుట్టుకతోనే, ఆ మాంసకృత్తు తయారీలోని చిన్న తేడా వల్ల, తట్టుకునే శక్తి ఉంటుంది. అలాంటి పొట్టేళ్ళను రక్తపరీక్షతో ఎంచి మందలకు వదలడం ఐరోపాలో పెద్ద ఎత్తున చేశారు.

నేల కూడా ఊరుకోదు. ఐస్‌లాండుకు ఈ జబ్బు 1878లో తెచ్చిన ఒక పొట్టేలుతో వచ్చిందంటారు. అక్కడ జబ్బు పడిన మందలను మొత్తంగా తీసేసి, దొడ్లు కడిగి, కొన్నాళ్ళు ఖాళీగా ఉంచి, జబ్బు లేని ప్రాంతాల నుంచి కొత్త గొర్రెలను తెచ్చారు. అయినా కొన్ని చోట్ల జబ్బు మళ్ళీ వచ్చింది. ఒకచోట 16 ఏళ్ళ తర్వాత! పాత గొర్రెల కొట్టంలోనే అది పొంచి ఉందని తేల్చారు.

ఇప్పుడు అసలు సంగతి. 1935లో స్కాట్లండులో గొర్రెలకు వచ్చే లూపింగ్ ఇల్ అనే మరో జబ్బుకు టీకా తయారుచేశారు. గొర్రెల మెదడు మొదలైన భాగాలతో చేసి, ఫార్మలిన్‌తో శుద్ధి చేశారు. ఆనాటి జ్ఞానం మేరకు అంతా సక్రమమే. రెండేళ్ళు గడిచాక, ఒక బ్యాచ్ వేసిన మందలలో స్క్రేపీ బయటపడింది. సుమారు 18,000 గొర్రెలకు టీకా వేస్తే 1,500 దాకా జబ్బు పడ్డాయి. వెనక్కి వెళ్ళి రికార్డులు తిరగేస్తే, ఆ బ్యాచ్‌కు వాడిన పిల్లల్లో కొన్ని స్క్రేపీ వచ్చిన తల్లుల కడుపున పుట్టినవని తెలిసింది. ఈ విషయాన్ని డబ్ల్యు. ఎస్. గోర్డన్ దాచకుండా 1946లో ప్రకటించారు.

ఇది నేను మొదట చదివినప్పుడు ఒక విభాగంలో పనిచేస్తున్నాను. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు పొడిపించుకున్నవారు ఈ సభలో ఉండే ఉంటారు. ఆ మందు గొర్రె మెదడుతోనే తయారయ్యేది. 2005 నాటికి మన దేశంలో దాని వాడకం ఆగిపోయింది. మా దగ్గర గొర్రెలను కొన్న రిజిస్టరులో 'ఎక్కడి నుంచి వచ్చినది' అని ఒక గడి ఉండేది. ఒకసారి ఒక లాటు మొత్తానికి గుమస్తా "సంత" అని ఒక్క మాట రాశాడు. ఏ సంత, ఎవరి మంద, ఏ తల్లి - ఏమీ లేదు. పైవాళ్ళు తొందరపెడుతున్నారు. నేను సంతకం పెట్టాను.

ఏమీ జరగలేదు. ఆ మందు వల్ల ఎవరికైనా ఇలాంటి జబ్బు వచ్చిందని నేను అనడం లేదు, దయచేసి అలా అనుకోవద్దు. కాని గోర్డన్ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మంచి చెయ్యబోయిన చెయ్యే జబ్బును మోసుకుపోగలదు. ఆ జబ్బు మూలం వాళ్ళకు దొరికింది, తల్లి పేరు రాసిపెట్టి ఉన్నందువల్ల. నా రిజిస్టరులో అయితే ఏం దొరికేది? మర్నాటి నుంచి ఆ గడి నిండనిదే నేను సంతకం పెట్టలేదు. నన్ను చాదస్తుడన్నారు, అననివ్వండి.

మాంసం తినవచ్చా అని మీరు అడుగుతారని తెలుసు. స్క్రేపీ గొర్రెల నుంచి మనుషులకు వచ్చినట్లు ఆధారాలు లేవు. 1996లో మనుషులకు సోకిందని బ్రిటన్ ప్రకటించినది ఆవుల పిచ్చి వ్యాధి, అది వేరు. కనుక ఆదివారం కూర మానక్కరలేదు.

మీ పిల్లలు, మనవలు ఎక్కడో ఒకచోట ఏదో ఒక రిజిస్టరు రాస్తూనే ఉంటారు, ఇప్పుడు కంప్యూటరులో. ఖాళీ గడి ఎదురైతే ఈ ముసలాయన మాట ఒక్కసారి చెప్పండి.