గుత్తి పక్కన బండ మీద అశోకుడు ఒప్పుకున్న మాట

నేను మీ రొళ్ల కుర్రోణ్ణి. ఈరోజు టాపిక్ బౌద్ధం.

మొన్న ల్యాప్‌టాప్‌లో బుద్ధుడి బొమ్మ పెట్టుకుని స్క్రిప్ట్ రాసుకుంటుంటే మా అవ్వ వచ్చి చూసింది. "ఆయప్ప మన పక్కకి ఎప్పుడన్నా వచ్చినాడా రా?" అని అడిగింది. ఆయప్ప రాలేదవ్వా, ఆయప్ప మాట వచ్చింది అన్నాను. "ఎవరు తెచ్చినారు మరి?" అంది. ఈ వీడియో ఆ ప్రశ్నకి జవాబు.

ముందు బ్యాక్‌గ్రౌండ్ చెప్పుకుందాం. సిద్ధార్థుడు పుట్టింది ఇప్పటి నేపాల్‌లోని లుంబినిలో. ఇల్లు వదిలాడు, బోధగయలో జ్ఞానం పొందాడు, సారనాథ్‌లో మొదటిసారి బోధించాడు. ఆయన చెప్పినవి నాలుగు సత్యాలు. దుఃఖం ఉంది. దానికి కారణం తృష్ణ, అంటే ఇంకా కావాలి, ఇంకా కావాలి అనే దాహం. ఆ దుఃఖాన్ని ఆపొచ్చు. ఆపడానికి అష్టాంగ మార్గం అనే దారి ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈజీగా అర్థమవుతుంది: ప్రాబ్లం ఒప్పుకో, మూలం వెతుకు, ఫిక్స్ ఉందని నమ్ము, స్టెప్స్ ఫాలో అవ్వు.

ఇంకో సంగతి. ఆయన సంఘంలో చేరడానికి పుట్టుక అడ్డం కాలేదు. క్షురక వృత్తి చేసే ఉపాలి భిక్షువై, సంఘ నియమాలు బాగా తెలిసినవాడిగా పేరు తెచ్చుకున్నాడని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి.

ఇప్పుడు మన పక్కకి వద్దాం. రొళ్ల నుంచి మడకశిర, పెనుకొండ, అనంతపురం మీదుగా గుత్తికి పోండి. అక్కడి నుంచి పత్తికొండ రోడ్డు పట్టుకుంటే కర్నూలు జిల్లా ఎర్రగుడి వస్తుంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీ.పూ. 3వ శతాబ్దానివి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. మనం ఫోన్‌లో టైప్ చేసే తెలుగు అక్షరాలకి మూలం ఆ బ్రాహ్మే. తమాషా ఏందంటే, అక్కడ కొన్ని లైన్లు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి చెక్కారు!

అశోకుడు అంటే మనకి కళింగ యుద్ధం గుర్తొస్తుంది. లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని ఊళ్ల నుంచి తరలించారని, అందుకు బాధపడుతున్నానని తన 13వ శాసనంలో ఆయనే చెప్పాడు. ఆంధ్రుల పేరు కూడా ఆ శాసనంలో ఉంది.

కానీ నన్ను పట్టుకున్నది ఎర్రగుడిలోనే ఉన్న ఇంకో చిన్న శాసనం. దాని సారం ఇది: నేను ఉపాసకుణ్ణయి రెండున్నరేళ్లు దాటింది, మొదటి ఏడాది గట్టిగా ప్రయత్నం చేయలేదు, సంఘానికి దగ్గరయ్యాకే శ్రద్ధ పెట్టాను. దాని తర్వాత ఇంకో మాట ఉంది. ఈ ఫలం పెద్దోళ్లకి మాత్రమే కాదు, చిన్నవాడు కూడా శ్రమిస్తే సాధిస్తాడు అని.

నిజం చెప్తా ఫ్రెండ్స్. బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చాక మొదటి ఏడాది నేనేం చేయలేదు. వ్యూస్ ఎందుకు రాలేదురా అంటే ఇంట్లో అల్గారిథం మీద తోసేసేవాణ్ణి. అసలు సంగతేందంటే, వారానికి ఒక వీడియో కూడా సరిగ్గా చేయలేదు. అంత పెద్ద చక్రవర్తి తన బద్ధకాన్ని బండ మీద చెక్కించుకున్నాడు. నేను మా నాన్న ముందు ఒప్పుకోలేకపోయాను. ఆ శాసనం చదివిన రాత్రి ఒప్పుకున్నాను.

ఇదంతా అవ్వకి చెబితే, "అప్పుడు మాలాంటోళ్లకి చదువెక్కడిది? రాస్తే ఏం లాభం?" అంది. దానికీ అక్కడే జవాబుంది. రజ్జుకులు అనే అధికారులు ఈ మాటల్ని భేరి మోగించి జనానికి వినిపించాలని ఆజ్ఞ. అంటే మన ఊర్లో దండోరా వేసినట్టు! విను అవ్వా, చదవక్కర్లేదు.

ఇంతకీ ఏం చాటించారు? చతురార్య సత్యాలు కాదు. అమ్మానాన్నల మాట వినండి, గురువులను గౌరవించండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి. అంతే. వేరే శాసనాల్లో దాసుల్ని, పనివాళ్లని బాగా చూసుకోమన్నాడు. ఇతరుల మతాలను కూడా గౌరవించమన్నాడు. ఫోన్లో మతాల పేరుతో తిట్టుకునే మనం 2,200 ఏళ్ల తర్వాత కూడా వినాల్సిన మాట ఇది.

తర్వాత ఏమైంది? అమరావతిలో మహాస్తూపం, నాగార్జునకొండలో విహారాలు వెలిశాయి. వాటికి రాణులే కాదు, మామూలు జనం కూడా దానాలు ఇచ్చారు. అమరావతిలో ఒక రాతిపలక ఇచ్చిన విధికుడు తోలుపని చేసేవాడు. ఆ పలక మీద ఆయన పేరు, పని రెండూ రాసి ఉన్నాయి. 'చిన్నవాడు కూడా' అన్న మాట ఉత్తదే కాదన్నమాట. శతాబ్దాలు గడిచేకొద్దీ ఆ విహారాలు ఖాళీ అయ్యాయి. అయినా 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షలమందితో కలిసి బౌద్ధం తీసుకున్నప్పుడు, పుట్టుకతో ఎవరూ తక్కువ కాదనే ఆ పాత మాటే మళ్లీ వినిపించింది.

ఎర్రగుడికి పోతే ఒక్క రిక్వెస్ట్. బండ మీద మీ పేరు గీయొద్దు. అది చదివి రండి, లేకపోతే ఎవరి చేతనైనా చదివించుకోండి.

అంతా విని అవ్వ ఏమందో తెలుసా? "రాజే తప్పు ఒప్పుకున్నాడంటే, మంచి రాజే రా. నువ్వు మాత్రం రేపు పొద్దున్నే లేయి." లేచాను. ఈ వీడియో చేశాను. మళ్లీ కలుద్దాం, నమస్తే.