పరుల ఇల్లూ మన ఇల్లే



మన పిల్లాడికి జ్వరమొస్తే రాత్రంతా మేలుకుంటాం. పక్కింటి పిల్లాడికొస్తే "అయ్యో పాపం" అని మన తలుపేసుకుంటాం. ఈ తేడాయే కలహాలకూ యుద్ధాలకూ మూలమన్నాడు, క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దపు చైనా తత్త్వవేత్త మోజీ. పరుల ఇంటినీ, పరుల దేశాన్నీ మనవిగానే చూసుకోమన్నాడు.

అలా అయితే కన్నవారికి లోటు కాదా అని అడిగారు కొందరు. ఇతరుల తల్లిదండ్రులను మనం ఆదరిస్తేనే కదా, వారు మనవాళ్ళను ఆదరించేది అని ఆయన జవాబు.

చూ రాజు సుంగ్ రాజ్యం మీదికి దండెత్తబోతున్నాడని విని, పదిరోజులు పదిరాత్రులు నడిచివెళ్ళి మాన్పించాడట. తిరుగుదారిలో సుంగ్‌లోనే వాన పట్టుకుంటే, కాపలావాడు ఆయన్ను లోపలికి రానివ్వలేదట! ఆయనెవరో వాడికి తెలియదు మరి.

మన గుమ్మం ముందు తడుస్తున్నదెవరో మనకు మాత్రం తెలుసా అండీ?