చీనా వైద్యం – మన దినచర్య
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము చాలా వెనుకాడినాము. రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా పని చేసుకొనేవారము; మెట్రిక్యులేషను దాటి చదివినవారము కాము. వైద్యం గురించి మాట్లాడే అర్హత మాకేమున్నది? అయినను నిరుడు మా ఇంట జరిగిన ఒక సంగతి మమ్మల్ని ఊరకుండనీయలేదు. దానిని చివర మనవి చేస్తాము.

ఈనాడు ఫోను తెరిస్తే చాలు, రోజుకొక ఆరోగ్య సలహా వస్తున్నది. వేడినీళ్లు త్రాగమని ఒకరు, పచ్చికూరలే తినమని ఒకరు, పదివేల అడుగులు నడవమని మరొకరు. ఈ సలహాలను చీనావారి ప్రాచీన వైద్యం కంటితో ఒకసారి చూతము.

మనకు చీనాతో ఏమి పని అందురేమో. డాక్టరు ద్వారకానాథ్ కోట్నీస్ 1910లో మన షోలాపురంలోనే పుట్టినారు. 1938లో జపాను దాడికి గురియైన చీనాకు కాంగ్రెసు పంపిన అయిదుగురు వైద్యులలో ఆయన ఒకరు. గాయపడిన సైనికులకు సేవ చేస్తూ 1942 డిసెంబరు 9న, ముప్పది రెండేండ్లకే, అక్కడనే కన్నుమూసినారు. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు స్మారక మందిరం. ఆయన చేసినది పాశ్చాత్య శస్త్రవైద్యం. ఆయనతో వెళ్లిన డాక్టరు బసుగారు మాత్రం తరువాతి కాలంలో చీనావారి సూదుల వైద్యం నేర్చి కలకత్తాకు తెచ్చినారు.

చీనా వైద్యానికి మూలగ్రంథం 'హ్వాంగ్దీ నైజింగ్'. సుమారు రెండువేల ఏండ్ల క్రిందట కూర్చినది. చక్రవర్తి అడుగుతాడు, చీబో అనే వైద్యుడు చెబుతాడు. మన పురాణాలలో శౌనకాదులు అడిగితే సూతుడు చెప్పినట్లు. వారి లెక్కలో నీడ, చలువ, విశ్రాంతి 'యిన్'; ఎండ, వేడి, కదలిక 'యాంగ్'. ఈ రెండూ సమంగా ఉంటే దేహంలో 'చీ' అనే ప్రాణశక్తి సాఫీగా నడుస్తుందని వారి నమ్మకం. ఈ చీని ఇంతవరకు ఏ పరికరమూ కొలిచి చూపలేదు. కాబట్టి దానిని దేహాన్ని చూచే ఒక చూపుగా తీసుకొంటే చాలును.

రోగం రాకముందే జాగ్రత్తపడేవాడే మంచి వైద్యుడని ఆ గ్రంథం మతం. ఇల్లు కాలుతుంటే బావి త్రవ్వినట్లని మన పెద్దలు అనలేదా? అదే మాట.

ఆ గ్రంథంలో అయిదు శ్రమల సంగతి ఒకటి ఉన్నది. అది చదివినప్పుడు మన వాడ కళ్లకు కట్టినది. ఎంతోసేపు చూస్తే రక్తానికి, పడుకొంటే చీకి, కూర్చుంటే మాంసానికి, నిలబడితే ఎముకలకు, నడిస్తే నరాలకు చెరుపు అంటారు. ఈ సభలో మగ్గం ముందు రోజంతా నిలబడినవారు ఉన్నారు. పొద్దు పొడిచింది మొదలు కూర్చొని బీడీలు చుట్టే అక్కలు, పెద్దమ్మలు ఉన్నారు. మా వంటి గుమాస్తాలు లెడ్జర్లు పోయి ఇప్పుడు కంప్యూటరు తెరలు చూస్తున్నారు. రక్తమూ చీ అనే లెక్క ఎట్లున్నను, ఒకే భంగిమలో గంటలకొద్దీ ఉండరాదన్న మాట నేటి డాక్టర్లూ చెప్పేదే. చేతిలోని చేట దించి అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. దానికి పైసా ఖర్చు లేదు.

పదివేల అడుగుల సంగతి వింతైనది. 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చినది. దాని పేరుకు అర్థమే 'పదివేల అడుగుల కొలత'. ఆ అంకె వైద్యశాలలో పుట్టలేదు, అంగడిలో పుట్టినది. నడక మంచిదే. కాని మోకాళ్ల నొప్పితో ఉన్న అరువదేండ్ల అత్తమ్మను ఆ అంకె కోసం తరుమవద్దు. ఎవరి శక్తి వారిది.

ఇక వేడినీళ్లు. చీనా రైళ్లలో ప్రతి పెట్టెలోను మరిగిన నీళ్ల కుళాయి ఉంటుంది. రైలు గుమాస్తాలము గనుక ఈ సంగతి మాకు ముచ్చటగా తోచినది. పొట్టను పొయ్యి మీది కుండతో పోల్చి, చల్లని నీళ్లు పోస్తే మంట ఆరునని వారి ప్రాచీన వైద్యులు అంటారు. చల్లని నీటి వలన ఆరోగ్యవంతుడి జీర్ణశక్తి చెడుతుందని మాత్రం నేటి శాస్త్రం చెప్పదు. కాచిన నీటి అసలు మేలు వేరు: కాస్తే కలరా వంటి రోగాల క్రిములు చచ్చును. 1952లో చీనా ప్రభుత్వం ప్రారంభించిన ఆరోగ్యోద్యమం కాచిన నీటిని ఊరూరా అలవాటు చేసినది. కుళాయి నీళ్ల మీద అనుమానం ఉన్నచోట మనమూ కాచి త్రాగవలెను. అయితే నోరు కాలేటట్లు వద్దు. 65 డిగ్రీలు మించిన వేడి పానీయాలు అన్నవాహికకు కాన్సరు తెచ్చే అవకాశం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 2016లో హెచ్చరించినది. పొగలు కక్కే టీని గుటుక్కున మ్రింగే మా ఆఫీసు మిత్రులు గమనింతురు గాక.

పచ్చికూరల మాట. చీనావారు ఉడికించినవే కడుపుకు తేలిక అంటారు. కొత్తవారు పచ్చివే బలమంటారు. కడిగినవి, మన కడుపు ఓర్చుకొనేవి తింటే తగవు తీరును.

ఋతువును బట్టి నిద్ర మార్చుకోమనీ ఆ గ్రంథం చెబుతుంది. శీతకాలంలో పెందలకడ పడుకొని ఎండ వచ్చాక లేవవలె, వసంతంలో పొద్దున్నే లేచి ఆరుబయట తిరగవలె. రాత్రి డ్యూటీ చేసే మాకు ఇది కుదరదు. అందుకే డ్యూటీ దిగిన పగలు కిటికీకి దుప్పటి కట్టి, ఫోను ప్రక్కగదిలో పెట్టి పడుకొంటున్నాము. మేము చేసుకొన్న యిన్ అదే.

ఈ పూట మనమందరం పచ్చడి తిన్నాము. మన రుచులు ఆరు, చీనావారివి అయిదు. వగరును వారు వేరుగా లెక్కించరు. పులుపు కాలేయానికి, చేదు గుండెకు, తీపి ప్లీహానికి, కారం ఊపిరితిత్తులకు, ఉప్పు మూత్రపిండాలకు చెందినవనీ, ఏది మించినా చెరుపేననీ వారంటారు. మన మరాఠీ ఇరుగుపొరుగువారు ఇదేనాడు గుడి నిలిపి వేపాకు, బెల్లం తింటున్నారు. ఏ రుచినీ మించనీయరాదన్నచోట మూడు ఇండ్లకూ మాట ఒక్కటే.

ఇప్పుడు మొదట దాచిన సంగతి. మా నాయన నలుబదేండ్లు మగ్గం మీద బ్రతికినారు. రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకొనేవారు. నిరుడు ఒకడు చీనా మూలికల పొడి అమ్ముతూ, ఇది ప్రకృతి మందు, ఏ హానీ లేదు, మాత్రలతో పని లేదన్నాడు. కొన్నది మేమే. మాత్రలు మానండి నాయనా అన్నదీ మేమే. కొడుకు చదువుకొన్నవాడు గదా అని ఆయన ఎదురు చెప్పలేదు. నెలన్నర గడిచాక ఒక తెల్లవారుజామున ఆయన కుడిచేతి నుండి టీ గ్లాసు జారిపడినది. మాట ముద్దగా వచ్చినది. వెంటనే ఆసుపత్రికి చేర్చినాము, ప్రాణం నిలిచినది. కాని తెగిన పోగుకు ముడి వేయడం ఆ చేతికి ఈనాటికీ రాదు.

ప్రకృతిలో పుట్టినదంతా హాని లేనిది కాదు. 1990ల మొదట్లో బెల్జియంలో ఒక చికిత్సాలయం సన్నబడడానికి చీనా మూలికలు ఇచ్చినది. ఒక మూలికకు బదులు దానిని పోలిన పేరుగల మరొకటి కలిసి, సుమారు నూరుగురు స్త్రీల మూత్రపిండాలు చెడినవి. అట్లని చీనా వైద్యమంతా దండుగ అనరాదు. తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలు నాలుగవ శతాబ్దపు గ్రంథంలో చలిజ్వరానికి చెప్పిన ఒక ఆకును పట్టుకొన్నది. దానిని కాచమనలేదు, నీటిలో నానబెట్టి పిండమన్నారని గమనించి, వేడికి గుణం పోతున్నదని ఊహించి, 1971లో తక్కువ వేడితో సారం తీసినది. జంతువుల మీద పరీక్షించి, తరువాత తానే త్రాగి చూచి, అప్పుడే రోగులకు ఇచ్చినది. ఆ సారం నుండి వచ్చిన ఆర్టెమిసినిన్ మలేరియా నుండి లక్షలమందిని కాపాడినది. ఆమెకు 2015లో నోబెల్ బహుమానం వచ్చినది. ఆమె పెద్దల మాట విన్నది, విని పరీక్షించినది. మేము విన్నాము గాని పరీక్షించినవారిని అడగలేదు.

కాబట్టి మా మనవి ఒక్కటే. లేచి నడవడం, కాచిన నీళ్లు, వేళకు నిద్ర, మితమైన తిండి, ఇవి ఏ దేశపు పెద్దలు చెప్పినా పాటించండి. రోజూ వేసుకొనే మాత్రను మాత్రం మీ డాక్టరు మానమన్ననాడే మానండి. ఏ పొడి కొన్నా ఆ పొట్లం ముందు ఆయనకు చూపండి.

మా నాయన ఈ సభలో ముందువరుసలోనే కూర్చున్నారు. ఇందాక పచ్చడి గిన్నె ఎడమచేత పట్టుకొని తిన్నారు. ఆయనకూ మీకందరికీ ఈ సంవత్సరం ఆరోగ్యం కలుగవలెనని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.