యవద్వీప యాత్ర

సీతాన్వేషణమునకై వానరులను తూర్పుదిక్కునకు పంపుచు సుగ్రీవుడు యవద్వీపమును పేర్కొనెను. కిష్కింధాకాండములోని యా ఘట్టమును ముప్పదియేండ్లు పాఠశాలలో బోధించితిని గాని, ఆ ద్వీపము నొకనాటికి కన్నులార చూతునని తలపలేదు. ఇండోనేషియాలో నుద్యోగము చేయుచున్న మా పెద్దవాడు పట్టుపట్టుటచే మొన్నటి జూలై మాసమున బయలుదేరి, పండ్రెండు దినము లచట నుండి వచ్చితిని. చూచినవన్నియు చెప్పుటకు వ్యవధి చాలదు. మనస్సున నిలిచినవి మాత్రము విన్నవించెదను.

మధ్యజావాలో యోగ్యకర్త యను నగరము కలదు. అయోధ్యా శబ్దమే యిట్లు మారినదని చెప్పుదురు. నగరమున కుత్తరమున మెరాపి యను అగ్నిపర్వతము. తెల్లవారుజామున మేడయెక్కి చూచితిని. నెయ్యి యయిపోయిన హోమగుండమునుండి లేచు ధూమమువలె సన్నని పొగ శిఖరమునుండి తిన్నగా పైకి పోవుచుండెను. క్రింద వరిమళ్లు, కొబ్బరిచెట్లు, నడుమ కాలువలు. మన కోనసీమయే యనిపించినది. అచట నిట్టి కొండ లేకపోవుటయే భేదము. 2010లో ఈ కొండ బ్రద్దలై మూడువందల యేబదిమందికి పైగా మరణించిరి. ఐనను ఆ వాలులను విడిచి జనులు పోరు. ఆ బూడిదయే వారి పొలములకు సారము.

యోగ్యకర్తకు వాయవ్యమున సుమారు 40 కిలోమీటర్ల దూరమున బోరోబుదూరు మహాస్తూపము కలదు. శైలేంద్రరాజుల కాలమున, క్రీ.శ. 800 ప్రాంతమున, నిర్మితమైనది. చతురస్రవేదిక లారు, వానిపై వర్తులవేదికలు మూడు, ఆ మూటిమీద జాలకములుగల చిన్న స్తూపములు 72. మెట్లు నిలువుగా నున్నవి. నా మోకాళ్లు మూడవ వేదికయొద్దనే మొరపెట్టినవి. రాళ్లు అరిగిపోవుచుండుటచే ఎక్కువారి సంఖ్యను మితము చేసినారు. మొగలిజాతి ఆకులతో నల్లిన చెప్పులు తొడిగికొనియే యెక్కవలెను. ఆ చెప్పుల పేరేమనుకొన్నారు? ఉపానత్! అమరకోశమును వల్లించి, అరువదియేండ్లలో నే చెప్పులకొట్టునందును వినని యా మాటను సముద్రము దాటిన తరువాత టిక్కెట్లిచ్చు పిల్ల నోట వింటిని.

మాది కృష్ణాతీరము. అమరావతి స్తూపపు రాళ్లు కొన్ని సున్నపుబట్టీలకు, కొన్ని మదరాసునకు, కొన్ని లండనునకు పోగా మిగిలిన దిబ్బను చూచి పెరిగినవాడను. ఇచట 1973 మొదలు 1983 వఱకు యునెస్కోవారి తోడ్పాటుతో పదిలక్షలకు పైగా రాళ్లను విప్పి, శుభ్రపఱచి, మరల వేని చోట వానిని చేర్చినారు. అది విని సంతోషించితినో, అసూయపడితినో చెప్పజాలను. మన కైఫీయతులను సేకరింపజేసి, అమరావతిని గూర్చి తొలుత వ్రాసిన మెకంజీదొరయే 1812లో జావాకు వచ్చి ప్రంబానను శిథిలములను పరిశీలించెను.

ఆ ప్రంబానను నగరమునకు తూర్పున 17 కిలోమీటర్ల దూరముననే యున్నది. బ్రహ్మ, శివ, విష్ణ్వాలయములు మూడును వరుసగా నిలిచినవి. నడిమి శివాలయము ఎత్తు 47 మీటర్లు. 2006లో భూకంపమున దెబ్బతిన్నను మరల బాగుచేసినారు. ప్రదక్షిణము చేయుచుండగా ప్రాకారపు లోపలి గోడమీద రామాయణము కనబడును. మాకు దారిచూపినవాడు ముస్లిం యువకుడు. మా యూరి పురాణశాస్త్రికి తీసిపోకుండ కథ చెప్పుచు వచ్చెను. మా వాడు తెలిగించుచుండెను. సేతుబంధనమువద్ద అతడాగెను. వానరులు రాళ్లు మోయుచున్నారు. నీటిలో చేపలు సైతము రాళ్లను నోట కరచుకొనియున్నవి.

“వాల్మీకములో నీ చేపలు లేవు నాయనా” అంటిని.

“మా రామాయణములో నున్నవి, బాపక్” అని యతడు మెల్లగా ననెను. బాపక్ అనగా తండ్రీ యని యర్థము. ఆ చేపలు సాయపడుచున్నవో, రాళ్ల నెత్తుకొనిపోవుచున్నవో విమర్శకులలో భేదము కలదట. నేనా విచారములోనికి పోలేదు. నాకు వేరొక సంగతి జ్ఞప్తికి వచ్చినది.

కొత్తగా నుద్యోగమున చేరిన దినములలో, సేతుబంధనమును గూర్చి వ్రాయుమనగా నొక బాలుడు ఉడుత కథ వ్రాసెను. ఎఱ్ఱసిరాతో కొట్టివేసి సున్న వేసితిని. “మా నాయనమ్మ చెప్పినదండీ” అనగా, “మీ నాయనమ్మ వాల్మీకి కాదు” అని తరగతినంతను నవ్వించితిని. రంగనాథరామాయణమున నుడుత కలదని నాకు తెలియును. తెలిసియు చెప్పలేదు. ఆ యేడంతయు వాడు మరల చేయెత్తి ప్రశ్న యడుగలేదు. ఆ చేపలముందు నేనెంతసేపు నిలిచితినో, ఎండలో నుండకుడని మా వాడు రెండుమార్లు పిలువవలసి వచ్చినది.

రాత్రివేళ ఆ గుడులు దీపకాంతిలో వెనుక నిలిచియుండగా రామాయణ నృత్యనాటకము జరుగును. 1961 నుండి ప్రదర్శించుచున్నారు. వానలులేని మాసములలో బయలురంగమున చూడవచ్చును. మాటలు తక్కువ, మనకు కథ తెలిసినదే గావున లోపము తోపదు.

డియెంగు పీఠభూమి రెండువేల మీటర్ల యెత్తున నున్నది. అచటి చిన్నగుడులకు అర్జునుడు, భీముడు, ఘటోత్కచుడు అని పేర్లు. ప్రక్కనే నేలనుండి గంధకపు ఆవిరి యుబుకుచుండును. శాలువ లేక పోయి వణకితిని, మీరట్లు చేయకుడు. తూర్పుజావాలోని బ్రోమో పర్వతము పేరు బ్రహ్మశబ్దభవము. ఇసుకమైదానము నడుమ పొగలు గ్రక్కు బిలము, దానిపై సూర్యోదయము. తెంగెరులను హిందువులు కసదా పండుగనాడు ఆ బిలములోనికి పంటలను నైవేద్యముగా విసరుదురు.

మే మొదలు సెప్టెంబరు వఱకు వానలు తక్కువ. పోదలచినవారు అప్పుడే పోవలెను. శాకాహారులు భయపడ నక్కఱలేదు. ఉడికించిన కూరలపై వేరుసెనగ పులుసు పోసి గదోగదో యని పెట్టుదురు, రుచిగనే యుండును. కొన్నిచోట్ల దానిలో రొయ్యలముద్ద కలుపుదురు గావున ముందే యడిగి తినవలెను. నేను తొలినాడు అడుగలేదు. ఆ కథ వేరు.

ఇంటికి వచ్చినవెంటనే ఆ బాలుని చిరునామాకై వెదకించితిని. ఇప్పుడు బాలుడు కాడు. మా జిల్లాలోనే కిరాణాకొట్టు నడుపుచున్నాడట, మనుమలు గూడ కలిగినారట. చేపలున్న ఆ శిల్పపు ఛాయాచిత్రమును, ఒక యుత్తరమును పంపితిని. జవా బింకను రాలేదు.